కొలువు బట్టలు: షేర్వానీ నుంచి స్కార్ఫు దాకా

మా అన్న బిడ్డ బి.ఎస్సీ. నర్సింగ్ చదివింది. నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె నుంచి పట్నం కొలువుకు బయలుదేరిన మొదటి ఆడపిల్ల మా ఖాందాన్‌లో తనే. ఒకచోట ఇంటర్వ్యూకు పోయింది. సర్టిఫికెట్లు చూశారు. మార్కులు చూసి మెచ్చుకున్నారు. లేచి వచ్చేముందు ఒకాయన ఎంతో మర్యాదగా అన్నాడట: "అంతా బాగుందమ్మా. తల మీద ఆ స్కార్ఫు ఒక్కటి లేకపోతే ఇంకొంచెం ప్రొఫెషనల్‌గా ఉంటుంది. ఆలోచించుకో."

ఇంటికొచ్చి ఆ పిల్ల నన్నడిగింది: "చాచా, ప్రొఫెషనల్ అంటే ఏంది? అది ఎవరు చెప్తరు?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. కానీ ఆ ప్రశ్న వినగానే మా దాదా షేర్వానీ గుర్తుకొచ్చింది. ఆ పిల్లకు నేను బాకీ పడ్డ జవాబే ఈ వ్యాసం.

మా దాదా నిజాం కాలంలో ఒక తాలూకా కచేరీలో చప్రాసీ. చప్రాసీ అనే మాటే బట్టల్లోంచి పుట్టింది. 'చప్రాస్' అంటే బిల్ల. పట్టా మీద ఇత్తడి బిల్ల తగిలించుకున్నవాడు చప్రాసీ. తెలుగులో బిల్ల బంట్రోతు. బిల్ల ఉంటే సర్కారు మనిషి, బిల్ల తీస్తే ఊరి మనిషి. దాన్ని చింతపండు పెట్టి తోమడం మా దాదీ పని. బిల్ల మాసిపోతే సాహెబ్ కోప్పడతాడని ఆమె భయం.

ఆయనకో షేర్వానీ కూడా ఉండేది. కుట్టించుకున్నది కాదు. బదిలీ మీద పోతూ ఒక సాహెబ్ ఇచ్చిపోయిన పాతది. మోచేతుల దగ్గర అరిగిపోయింది. సాహెబ్ పొడుగు, మా దాదా పొట్టి. ఊరి దర్జీతో అంచు మడిపించుకుని ఏడాదికి రెండు ఈదులకు వేసుకునేవాడు. మిగతా రోజుల్లో అది పెట్టెలో ఎండు వేపాకు మధ్య ఉండేది. మా ఖాందాన్‌కు నవాబీ దర్జా అంటూ ఏదైనా ఉంటే అది ఆ అరిగిన మోచేతుల షేర్వానీయే.

ఈ రోజు షేర్వానీ అనగానే అందరికీ ముస్లిం గుర్తుకొస్తాడు. సినిమాలో విలన్‌కు షేర్వానీ తొడిగి నెత్తిన టోపీ పెడితే చాలు, అతను ఎవరో ఇక చెప్పనక్కర లేదు. కానీ ఆ బట్ట చరిత్ర చూస్తే అది మసీదు నుంచి వచ్చింది కాదు. కచేరీ నుంచి వచ్చింది.

19వ శతాబ్దంలో ఉత్తర హిందుస్థాన్‌లో పాత చోగా, అచ్కన్‌ల పొడవూ, ఇంగ్లీషువాడి ఫ్రాక్ కోటు కత్తిరింపూ కలిసి షేర్వానీ తయారయింది. గొంతు దాకా గుండీలు, మోకాళ్ళ దాకా పొడవు. 1875లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్‌లో పెట్టిన విద్యాలయంలో చదువుకున్న పిల్లలకు నల్ల షేర్వానీ, ఎర్రటి రూమీ టోపీ గుర్తుగా మారాయి. ఇంగ్లీషు చదువు చదివి సర్కారు కొలువు చేయబోయే కొత్త తరం బట్టలవి. పాతకాలపు మౌల్వీలు ఈ కొత్త వేషాన్ని చూసి మొహం చిట్లించినవాళ్ళే.

హైదరాబాద్ రాజ్యంలో మొదటి సాలార్ జంగ్ 1853 నుంచి 1883 దాకా దివాన్. 1865లో ఆయన జిల్లాబందీ చేశాడు. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దార్, తాలూకాకు తహసీల్దార్, వాళ్ళ కింద గిర్దావర్లు, గుమాస్తాలు, చప్రాసీలు. రాజ్యమంతా కొత్త కచేరీలు లేచాయి. వాటిని నడపడానికి చదువుకున్నవాళ్ళు కావాలి. మొహ్సిన్-ఉల్-ముల్క్, వికార్-ఉల్-ముల్క్, చిరాగ్ అలీ, సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ లాంటి వాళ్ళు ఉత్తరాది నుంచి వచ్చారు. వాళ్ళ వెంట ఇంకెందరో వచ్చారు. 1880ల్లో కచేరీ భాష ఫారసీ నుంచి ఉర్దూకు మారింది. ఆ భాష వెంటే ఆ బట్టలూ జిల్లాలకు దిగాయి. 1890లో పాలమూరు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయ్యేనాటికి, కచేరీ మెట్లెక్కాలంటే ఎట్లా కనిపించాలో లెక్క తేలిపోయింది. నిజాం సముఖానికి పోవాలంటే అది కూడా చాలదు. నెత్తిన దస్తార్, నడుముకు బగ్లూస్ అనే పట్టీ ఉండాలి. ఏ మతం వాడైనా సరే.

అంటే షేర్వానీ మన దక్కనీ ముసల్మానుకు కూడా బయటి నుంచి వచ్చిందే. ముల్కీ, గైర్ ముల్కీ తగాదా ఈ కొలువుల దగ్గరే మొదలయింది. 1919లో ముల్కీ నిబంధనల ఫర్మానా వచ్చేదాకా నడిచి, ఆ తర్వాతా ఆగలేదు. ఆ తగాదాలో రెండు వైపులా షేర్వానీలే ఉన్నాయి.

రూమీ టోపీ కథ ఇంకా చిత్రం. 1829లో తుర్కీ సుల్తాన్ రెండో మహమూద్ తన ఉద్యోగులందరికీ ఆ టోపీ పెట్టుకొమ్మని ఆజ్ఞ ఇచ్చాడు. అంతకుముందు తలపాగా చూసి మనిషి మతం, హోదా చెప్పగలిగేవారు. ముస్లిం, క్రైస్తవుడు, యూదుడు అనే తేడా కచేరీలో కనిపించకూడదని ఒకే టోపీ పెట్టించాడు. సరిగ్గా చెప్పాలంటే అది ఆనాటి సెక్యులర్ యూనిఫారం. నూరేళ్ళు తిరగకముందే 1925 నవంబర్‌లో ముస్తఫా కమాల్ సర్కారు అదే టోపీ వెనకబాటుతనానికి గుర్తని నిషేధించి యూరప్ హ్యాట్ పెట్టుకొమ్మంది. టోపీ మారలేదు, దాన్ని చూసే సర్కారు మారింది. తుర్కీలో తీసేసిన టోపీని మన దగ్గర ఇంకో పాతికేళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. తర్వాత దానికి మన దగ్గరా అదే గతి పట్టింది.

మళ్ళీ మన జిల్లాలకు వద్దాం. ఆ తరం పెద్దల పాత ఫొటోలు తీసి చూడండి. 1901 నుంచి 1912 దాకా, మళ్ళీ 1926 నుంచి 1937 దాకా రాజ్యానికి ప్రధానమంత్రిగా ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ హిందువు. ఆయన షేర్వానీ, దస్తార్ చూసి ఎవరైనా ముస్లిం అనుకుంటే అది చూసినవాళ్ళ అమాయకత్వం. 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ నగర కొత్వాల్‌గా పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మన పాలమూరు జిల్లావాడు. రెడ్డి హాస్టల్‌కు ప్రాణం పోసినవాడు. ఆయన జీవితచరిత్ర రాసిన సురవరం ప్రతాపరెడ్డిదీ ఆ జిల్లాయే. గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాల రాజులు, పెద్ద కాయస్థ కుటుంబాలు, కోర్టుల్లో ఉర్దూలో వాదించిన బ్రాహ్మణ, రెడ్డి వకీళ్ళు అందరికీ దర్బారు బట్టలు, కోర్టు బట్టలు ఉండేవి. కచేరీ నుంచి ఇంటికొచ్చి షేర్వానీ విప్పి, స్నానం చేసి, ధోవతి కట్టుకుని పూజకు కూర్చునేవారు. షేర్వానీ తొడుక్కుని ఎవరూ తుర్కోడు కాలేదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక అక్కడి పిల్లలకూ అదే దుస్తు.

ఇదంతా చెప్పి, ఆనాడు అంతా సఖ్యంగా ఉండిందని నేను దబాయించను. అలవాటు లేనివాడికి దొరవారి బట్ట బరువుగానే ఉంటుంది. పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి ఆ పైజామా, ఆ గుండీలు, ఆ ఉర్దూ అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. తెలుగుకు బళ్ళో చోటు లేదు, కచేరీలో చోటు లేదు. 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభ గేలి చేసింది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ, 1931లో మన దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన రెండోది. వాళ్ళు తమ భాషకు చోటడిగారు. అది న్యాయమైన కోరిక. తన భాషలో మాట్లాడితే నవ్విన సభ ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకు, తన బట్టలో పోతే నవ్విన ఆఫీసు ఎట్లా ఉంటుందో కొత్తగా చెప్పనక్కర లేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మాలో కొందరికి ఇది నచ్చకపోవచ్చు. షేర్వానీ ఏనాడూ ముస్లింలందరిదీ కాదు. 1941లో రాజ్య జనాభా కోటీ 63 లక్షలు. అందులో ముస్లింలు 21 లక్షల దాకా. 21 లక్షల మందికి సర్కారు కుర్చీలు ఎక్కడివి? నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఉన్నది దూదేకేవాళ్ళు, గాజులమ్మేవాళ్ళు, కసాబులు, ఫకీర్లు, గుర్రబ్బండి తోలేవాళ్ళు, కౌలు రైతులు, కూలీలు. వీళ్ళ ఒంటి మీద గళ్ళ లుంగీ, భుజాన తువ్వాల. ఇంట్లో పిల్లలతో తెలుగు మాట్లాడే దూదేకులవాణ్ణి షేర్వానీ సాహెబ్ తన పక్కన కూర్చోబెట్టుకోలేదు. నమాజులో ఒకే వరసలో నిలబడ్డా, దస్తర్‌ఖాన్ దగ్గర ఒకే వరసలో కూర్చోనివ్వలేదు. వాడి కులాన్ని మనవాళ్ళే ఎగతాళి చేశారు.

జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉండేది. ఆ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద రైతు తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కాడు. దేశ్‌ముఖ్ మనుషులు అతన్ని చంపారు. 'మా భూమి' నాటకం 1947లో ఆ కథను ఊరూరికీ మోసుకుపోయింది. ఆలోచించండి. నిజాం రాజ్యంలో భూమి కోసం చచ్చినవాడు ముస్లిం, చంపించినవాడు హిందూ దొర. ఆ రాజ్యం ఎవరిదో తెలుసుకోవడానికి ఇంకేం కావాలి? దర్బారు బట్ట ఉన్నవాళ్ళందరిదీ ఆ రాజ్యం. అది లేనివాళ్ళకు మతం ఏదైనా ఒకటే గతి.

1948 వచ్చింది. రజాకార్ల గురించి మేం ఏదీ దాచం. వాళ్ళు వేసుకున్నది ఖాకీ. గుండ్రాంపల్లి లాంటి ఊళ్ళు వాళ్ళ చేతిలో ఏమనుభవించాయో నల్లగొండ జిల్లాలో పుట్టిన ప్రతి ముస్లింకూ తెలుసు. 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను ఆ ఏడాది ఆగస్టులో నరికి చంపిందీ వాళ్ళ వైపు మనుషులే. ఆయనా ముస్లిమే. దేశ్‌ముఖులు ఎందరో రజాకార్లకు గడీల్లో అన్నం పెట్టారు. తమ ఊళ్ళ మీదికి వాళ్ళను తోలుకొచ్చారు.

సెప్టెంబర్ 13న పటాలాలు సరిహద్దు దాటాయి. 17న నిజాం లొంగిపోయాడు. అక్కడి నుంచి బట్టల కథ మలుపు తిరిగింది. పోరాటానికి జడిసి పట్నం పారిపోయిన దొరలు ఇండియా సైన్యం వెనక మళ్ళీ గడీలకు చేరుకున్నారు. ఈసారి ఒంటి మీద ఖద్దరు, నెత్తిన గాంధీ టోపీ. నిన్నటిదాకా అవ్వల్ తాలూక్‌దార్ ముందు షేర్వానీలో వంగినవాళ్ళు ఇప్పుడు మిలిటరీ గవర్నర్ మనుషుల ముందు ఖద్దరులో వంగారు. భూములు అట్లాగే ఉన్నాయి. వెట్టి చేయించుకున్న చేతులు అట్లాగే ఉన్నాయి. బట్ట మార్చుకున్నారు, చరిత్ర నుంచి బయటపడ్డారు.

నిజాం సంగతి ఇంకా బాగుంది. ఏ రాజ్యం కోసం ఇంతమంది చచ్చారో ఆ రాజ్యాధిపతి మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1950 జనవరి 26న రాజప్రముఖ్ అయ్యాడు. 1956 అక్టోబర్ చివరి దాకా ఆ పదవిలోనే ఉన్నాడు. రాజ్యంలో అందరికంటే పెద్ద షేర్వానీకి ఏమీ కాలేదు.

మరి ఎవరికయింది? 1948 చివర్లో పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ భారత ప్రభుత్వం పంపగా వచ్చి జిల్లాలు తిరిగారు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా రాజ్యం మొత్తంలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయారని వాళ్ళ అంచనా. అందరికంటే ఘోరంగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. వాటి తర్వాత ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాలు. ఈ నాలుగింటిలో కనీసం 5 వేల మంది పోయారని రాశారు. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనం కళ్ళబడనివ్వలేదు. చచ్చిపోయినవాళ్ళలో షేర్వానీ తొడుక్కున్నవాళ్ళు ఎందరు? గళ్ళ లుంగీలే ఎక్కువ. దొర బట్ట మార్చుకున్నాడు. వీళ్ళకు మార్చుకోవడానికి వేరే బట్ట లేదు. ఉన్నా పేరు మారదు కదా.

ఇక కొలువులు. కచేరీ భాష ఉర్దూ పోయి ఇంగ్లీషు అయింది. ఉస్మానియాలోనూ అంతే. నిన్నటిదాకా ఫైలు రాసినవాడు తెల్లారేసరికి నిరక్షరాస్యుడయ్యాడు. పెద్దవాళ్ళు కొందరు పాకిస్తాన్ పోయారు, కొందరు పింఛన్ తీసుకున్నారు. చిన్నవాళ్ళను ఊరికే ఇంటికి పంపారు. మా దాదా చిన్నవాళ్ళలో చిన్నవాడు. ఒకరోజు బిల్ల, పట్టా అప్పజెప్పి పొమ్మన్నారు. ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే ఏ భాషలో జవాబొస్తుందో ఆయనకు తెలియదు.

ఆ రోజుల్లో పెట్టెలో షేర్వానీ ఉండడమే భయం. ఊళ్ళో సోదాలు జరుగుతున్నాయని పుకారు. మా దాదీ ఒకరాత్రి దాన్ని బయటికి తీసి కత్తెరతో ముక్కలు చేసింది. గుండీలు బావిలో పడేసింది. నల్ల ముక్కలను పాత చీరల మధ్య పెట్టి బొంత కుట్టింది. మా అబ్బా ఆ బొంతలో పడుకుని పెరిగాడు. నేనూ పడుకున్నాను. "గదేందే దాదీ, నల్లగ గట్టిగ తాకుతది?" అని అడిగితే, "మీ దాదా కొలువురా" అనేది.

తర్వాత చాలా జరిగింది. 1952లో మన పాలమూరు బూర్గుల ముఖ్యమంత్రి అయ్యాడు. ఫారసీ, ఉర్దూ క్షుణ్ణంగా చదువుకున్న పండితుడు. అదే ఏడాది కార్మిక నాయకుడు, కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ ప్రజలు శాసనసభకు పంపారు. ఓటేసినవాళ్ళలో అత్యధికులు హిందూ రైతులు, కూలీలు. పేరు చూసి భయపడని కాలం, పోరాటం చూసి ఓటేసిన కాలం ఈ జిల్లాకు ఉంది. మర్చిపోవద్దు. అదే ఏడాది 'గైర్ ముల్కీ గోబ్యాక్' అని పిల్లలు రోడ్డెక్కారు. సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. 1956లో రాష్ట్రం కలిసింది. కచేరీకి ప్యాంటు, షర్టు వచ్చాయి. కుర్చీలో కొత్తగా కూర్చున్నవాళ్ళకు మన తెలుగు యాస నవ్వులాట అయింది. ఉర్దూ ముక్కలు కలిసిన తెలంగాణ మాటను తుర్కు తెలుగని వెక్కిరించారు. ఆ వెక్కిరింత హిందూ, ముస్లిం తేడా లేకుండా తెలంగాణ వాళ్ళందరి మీదా పడింది.

మేమూ ప్యాంటు, షర్టు వేసుకున్నాం. నేను బడిపంతులుగా చేరిన కొత్తలో ఒక తోటి ఉపాధ్యాయుడు ప్రేమగా భుజం తట్టి, "మిమ్మల్ని చూస్తే ముస్లిం అనుకోరు సార్" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వినందుకు ఇప్పటికీ నాకు సిగ్గే. మా దాదీ షేర్వానీని ముక్కలు చేసింది భయంతో. నేను నా ముఖాన్ని దాచుకున్నది మెప్పు కోసం. రెంటికీ మధ్య ఎంత దూరం ఉంది?

మరి షేర్వానీ ఏమయింది? ఎక్కడికీ పోలేదు. నెహ్రూ ఒంటి మీద జాతీయ దుస్తు అయింది. రాష్ట్రపతి రాధాకృష్ణన్ తలపాగా కింద పొడుగు కోటై వెలిగింది. హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్ 1967లో రాష్ట్రపతి అయినప్పుడూ అదే. ఇప్పుడు పెళ్ళి కొడుకులందరికీ అదే. నల్లగొండ, మహబూబ్‌నగర్ బజార్లలో కిరాయికి దొరుకుతుంది. రిసెప్షన్‌లో ఏ కులం వరుడైనా తొడుక్కుంటాడు, కిరాయి కట్టి తెల్లారి తిరిగిస్తాడు. సంతోషమే. ఒక బట్ట ఎవరి ఒంటి మీద ఉంటే అందం, ఎవరి ఒంటి మీద ఉంటే అనుమానం అన్నది మాత్రం మీరు చెప్పాలి.

ఇప్పుడు 'ప్రొఫెషనల్' అనే మాటకు వద్దాం. ఈ మాట వాడేవాళ్ళు అదొక రంగూ రుచీ లేని నీళ్ళలాంటిదనుకుంటారు. ఆఫీసులో నుదుటి బొట్టు ఎవరికీ కనిపించదు. చేతికున్న ఎర్ర దారం కనిపించదు. అయ్యప్ప మాల వేసుకున్న నలభై రోజులు నల్లబట్టలతో, చెప్పుల్లేకుండా వచ్చే ఉద్యోగిని అందరూ గౌరవంగా "స్వామీ" అంటారు. అనాలి కూడా. దసరాకు ఆఫీసు మిషన్లకు పసుపు కుంకుమ పెడతారు. సిక్కు అధికారి తలపాగా సైన్యంలోనే చెల్లుతుంది. చెల్లాలి కూడా. వీటన్నిటికీ అడ్డురాని పనితనం మూరెడు గుడ్డకు ఎందుకు అడ్డొస్తుంది?

పోనీ నర్సు కొలువే చూద్దాం. నర్సు నెత్తిన ఒకప్పుడు తెల్ల టోపీ లేకపోతే డ్యూటీకి రానిచ్చేవారు కాదు. ఆ టోపీ ఎక్కడిది? రోగులకు సేవ చేసిన క్రైస్తవ సన్యాసినుల తలముసుగు నుంచి వచ్చింది. ఇవ్వాళ్టికీ నర్సును 'సిస్టర్' అనే పిలుస్తాం. అంటే ఒక మతం వాళ్ళు తల కప్పుకున్న గుడ్డ నూరేళ్ళకు పైగా ఆ వృత్తికే గుర్తయింది. దాన్ని ఎవరూ ప్రొఫెషనల్ కాదనలేదు. శుభ్రత కోసం, రోగి క్షేమం కోసం పద్ధతి పెడితే మా పిల్లలు పాటిస్తారు. ఆపరేషన్ థియేటర్‌లో అందరితో పాటు అక్కడి టోపీ పెట్టుకుంటారు. ఇంటర్వ్యూలో ఆయన చెప్పింది శుభ్రత గురించి కాదు. చూపు గురించి.

ఈ మాట ఇప్పుడే ఎందుకొస్తోందో కూడా ఆలోచించాలి. 2011 లెక్కల్లో పాత నల్లగొండ జిల్లాలో ముస్లింలు నూటికి ఐదారుగురు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఎనిమిది మంది. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. దేశంలో ముస్లింలు సర్కారు కొలువుల్లో ఎంత తక్కువగా ఉన్నారో లెక్కలతో చూపింది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వెనకబడిన ముస్లిం కులాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. షేర్వానీ ఎన్నడూ తొడగని ఇళ్ళ నుంచి, దూదేకే ఇళ్ళ నుంచి, పంక్చర్ దుకాణాల ఇళ్ళ నుంచి పిల్లలు కాలేజీ మెట్లెక్కారు. ముఖ్యంగా ఆడపిల్లలు. వాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడు తల మీది గుడ్డ ఎవరికీ అడ్డు కాలేదు. పొలంలో నాట్లేస్తున్నప్పుడు అడ్డు కాలేదు. కుర్చీ దగ్గరికి రాగానే అడ్డయింది.

కృష్ణ దాటితే రాయచూరు. 1956 దాకా అదీ మనమూ ఒకటే రాజ్యం. మక్తల్, గద్వాల వాళ్ళకు ఇప్పటికీ బంధుత్వాలు అక్కడ. ఆ కర్ణాటకలో 2022 ఫిబ్రవరి 5న సర్కారు ఉత్తర్వు ఇచ్చాక, స్కార్ఫుతో వచ్చిన ఆడపిల్లలు కాలేజీ గేట్ల బయట నిలబడ్డారు. మార్చి 15న హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబర్ 13న సుప్రీం కోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు చెప్పారు. ఇద్దరు న్యాయమూర్తులకే ఒకటిగా తోచని ప్రశ్నను పరీక్ష రాయబోయే పిల్ల నెత్తిన పెట్టారు. చదువు మానుకున్న పిల్లకు ఏ తీర్పు వచ్చినా ఆ ఏడాది తిరిగి రాదు.

మా ఇంటి వైపు కూడా వేలు చూపించుకోవాలి. మా దాదీ జీవితాంతం చీరే కట్టింది. నల్లపూసలు వేసుకుంది. కలుపు తీసింది, వడ్లు దంచింది, కొంగు నెత్తిన కప్పుకుంది. బుర్ఖా ఆమె ఎరగదు. ఎరగనందుకు ఆమె ముస్లిం కాకుండా పోలేదు. ఈ రోజు అది లేకపోతే ముస్లిం ఆడదే కాదని చెప్పేవాళ్ళు మాలో తయారయ్యారు. వేసుకోకపోతే ఇల్లు కదలొద్దని ఒకడు, వేసుకుంటే ఆఫీసు మెట్లెక్కొద్దని ఇంకొకడు. ఇద్దరికీ ఆ పిల్ల తల కనిపిస్తుంది, తలలోని చదువు కనిపించదు. ఇద్దరూ మగవాళ్ళే కావడం కూడా గమనించాలి.

నల్లగొండ జిల్లా పుట్టపాకలో పద్మశాలీలు తేలియా రుమాలు నేస్తారు. ఆ ఊరు 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. నూలును నూనెలో, బూడిదలో నానబెట్టి, ముడులు కట్టి, ఎరుపు నలుపు రంగులద్ది నేసే రుమాలు అది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకప్పుడు అది అరబ్ దేశాలకు ఎగుమతయ్యేది. అక్కడి ముస్లింలు తలకు చుట్టుకునేవారు. మన హిందూ నేతగాడు ముస్లిం తల కోసం నేసిన గుడ్డ అది. ఆ తల ఎవరిదని మగ్గం అడగలేదు.

ఇదీ నా జవాబు బేటా. ప్రొఫెషనల్ అంటే ఏమిటో ఆ రోజు కుర్చీలో ఉన్నవాడు చెప్తాడు. నిజాం నాడు షేర్వానీ అన్నాడు. 1948లో ఖద్దరు అన్నాడు. తర్వాత ప్యాంటు, షర్టు అన్నాడు. ఇప్పుడు స్కార్ఫు వద్దంటున్నాడు. చెప్పినప్పుడల్లా అది సహజమనీ, అందరిదీ అనీ చెప్పాడు. కాలం మారాక చూస్తే అది అతనిదే. ఇంజెక్షన్ సరిగ్గా ఇవ్వడం, రాత్రి డ్యూటీలో నిద్రపోకపోవడం, రోగి ముసలమ్మను "అమ్మా" అని పిలవడం, ఇవి నీ పనికి కొలతలు. వాటిలో తప్పితే నిన్ను తప్పకుండా అడగనీ. గుడ్డ సంగతి నువ్వు తేల్చుకో. ఉంచుకుంటావో, తీసేస్తావో అది నీ ఇష్టం. నా ఇష్టం కాదు, మౌల్వీ ఇష్టం కాదు, ఇంటర్వ్యూలో కూర్చున్నాయన ఇష్టం కాదు. భయంతో మాత్రం తీయకు. మెప్పు కోసం మాత్రం తీయకు. ఆ రెండూ మన ఇంట్లో ఇంతకుముందే అయిపోయాయి.

ఆ పిల్ల అక్కడ చేరలేదు. ఇంకోచోట చేరింది. అక్కడ స్కార్ఫు గురించి ఎవరూ అడగలేదట. జీతం కొంచెం తక్కువ. మొన్న పండక్కి వచ్చినప్పుడు పెట్టె తీయించి దాదీ కుట్టిన బొంత చూపించాను. చిరిగిపోయింది. అంచుల్లో నల్లగుడ్డ బయటికొచ్చింది. పిల్ల దాన్ని చేత్తో తడిమి చూసి, "సూది పని ఎంత గట్టిగ చేసింది చాచా" అంది.